పెరట్లో నల్ల రాస్ప్‌బెర్రీ: స్థలం ఎంపిక నుంచి కోత దాకా సమగ్ర మార్గదర్శి

ఒహాయో, పెన్సిల్వేనియా, మిషిగన్, న్యూజెర్సీ వైపు ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ల పెరట్లో మొదటి వేసవికే గోంగూర, టమాటా, వంకాయ, మిరప, బెండ వచ్చేస్తాయి. పండ్ల దగ్గరికొచ్చేసరికి ఏ ఆపిల్ మొక్కో, బ్లూబెర్రీ మొక్కో తెచ్చి నాటి ఊరుకుంటాం. నల్ల రాస్ప్‌బెర్రీ అమెరికా తూర్పు భాగానికి సొంత మొక్క. అక్కడి అడవుల అంచున, కంచెల వెంట తనంతట తనే పెరుగుతుంది. అయినా మనలో చాలామంది దాని రుచి చూసి ఉండరు. కారణం ఒక్కటే: పండు చాలా మెత్తన, కోసిన రెండు మూడు రోజులకు మించి నిలవదు, అందుకని దుకాణాల్లో తాజాగా దొరకడం అరుదు. తినాలంటే పెంచుకోవాల్సిందే.

పెంచడం కష్టమేమీ కాదు, కానీ దీని పద్ధతి వేరు. ఎర్ర రాస్ప్‌బెర్రీని చూసుకున్నట్టు దీన్ని చూసుకుంటే కాపు రాదు. నా లెక్కలో ఈ మొక్క కాపులో సగం మంచి చోటులో ఉంది, మిగతా సగం కత్తెరలో ఉంది. ఎరువులు, మందులు ఆ తర్వాతి మాట. అందుకే ఆ రెండింటి గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా మొక్కను అర్థం చేసుకోండి

నల్ల రాస్ప్‌బెర్రీని బ్లాక్‌బెర్రీ అనుకునేవాళ్లే ఎక్కువ. తేడా కోసినప్పుడు తెలుస్తుంది. బ్లాక్‌బెర్రీ కోస్తే మధ్యలో ఉండే తెల్లటి దుంగ పండుతోపాటే వచ్చేస్తుంది. రాస్ప్‌బెర్రీలో ఆ దుంగ కొమ్మకే ఉండిపోయి, పండు లోపల బోలుగా ఊడి వస్తుంది. పండు లేని రోజుల్లో కొమ్మను చూడండి. నల్ల రాస్ప్‌బెర్రీ కొత్త కొమ్మ మీద నీలం కలిసిన తెల్లటి పొడి పూత ఉంటుంది. బొటనవేలితో రుద్దితే పూత పోయి కింద ఊదా రంగు బయటపడుతుంది. ఆకును తిప్పి చూస్తే అడుగు భాగం వెండిలా తెల్లగా ఉంటుంది. ముళ్లు చిన్నవే అయినా కొక్కెంలా వంగి ఉంటాయి, చేతి తొడుగులు లేకుండా దగ్గరికి వెళ్లకండి. శాస్త్రీయ నామం రూబస్ ఆక్సిడెంటాలిస్. నర్సరీలో లేబుల్ మీద ఈ పేరు ఉందో లేదో చూసి కొనండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. వేరు చాలా ఏళ్లు బతుకుతుంది, కొమ్మ మాత్రం రెండేళ్లే బతుకుతుంది. వసంతంలో మొదలు నుంచి లేచిన కొత్త కొమ్మ ఆ ఏడాదంతా పెరగడంతోనే సరిపెట్టుకుంటుంది. చలికాలం గడిచాక రెండో ఏడాది పూత పూసి, కాయ కాసి, పండ్లు అయిపోగానే ఎండిపోతుంది. ఈలోగా పక్కనే ఇంకో తరం కొత్త కొమ్మలు లేస్తాయి. అంటే జూన్ నెలలో మీ మొక్కలో రెండు తరాలు పక్కపక్కనే ఉంటాయి: ఈ ఏడాది కాసేవి, వచ్చే ఏడాది కాయబోయేవి. ఏది ఏదో తెలియకుండా కత్తెర పట్టుకుంటే వచ్చే ఏడాది పంటను మనమే నరికేసుకుంటాం.

ఎర్ర రాస్ప్‌బెర్రీ వేర్ల నుంచి పిలకలు వేస్తూ పెరడంతా పాకుతుంది. నల్లది అలా పాకదు, నాటిన చోటే గుబురుగా ఉంటుంది. చిన్న పెరడున్నవాళ్లకు, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలున్న కాలనీల్లో ఉండేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం.

మీ ఊళ్లో పెరుగుతుందా?

అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) శీతాకాలపు చలిని బట్టి ఊళ్లను విభజించిన జోన్ల పటంలో 5 నుంచి 8 దాకా ఉన్న ఊళ్లు దీనికి అనుకూలం. మిన్నెసోటా ఉత్తర భాగం లాంటి చోట్ల చలికి కొమ్మలు చచ్చిపోతాయి. ఎర్ర రాస్ప్‌బెర్రీ తట్టుకున్నంత చలిని ఇది తట్టుకోదు. అటు డాలస్, హ్యూస్టన్ ఎండలకు కూడా ఇది నిలవదు. టెక్సస్‌లో ఉన్నవాళ్లు ముళ్లులేని బ్లాక్‌బెర్రీ వేసుకుంటే మంచి ఫలితం ఉంటుంది. పశ్చిమాన ఆరెగన్‌లోని విలామెట్ లోయ అయితే దీనికి పుట్టిల్లు కాకపోయినా మెట్టినిల్లు. అమెరికాలో వాణిజ్య సాగు ఎక్కువగా అక్కడే జరుగుతోంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెంచవచ్చా అని అడిగేవాళ్లకు సూటిగా చెబుతాను: వద్దు. ఈ మొక్క మళ్లీ చిగురించాలంటే శీతాకాలంలో కొన్ని వందల గంటలపాటు గట్టి చలి కావాలి. మన మైదానాల్లో అంత చలి రాదు, మే నెల ఎండకు మొక్కే ఉండదు. ఆన్‌లైన్‌లో అమ్మే విత్తనాల ప్యాకెట్లకు డబ్బు పోయకండి. మన దేశంలోనే కొండ ప్రాంతాల్లో పెరిగే మైసూర్ రాస్ప్‌బెర్రీ అని ఒక బంధువు మొక్క ఉంది, రూబస్ నివియస్. దాని పండు కూడా నల్లగానే పండుతుంది, చలి అవసరం తక్కువ. ఫ్లోరిడా దక్షిణాన ఉన్నవాళ్లు దాన్నే పెంచుతారు. అయితే హవాయి, గలాపగోస్ దీవుల్లో అది అదుపు తప్పి అడవుల్ని కమ్మేసింది కాబట్టి ఎక్కడపడితే అక్కడ నాటే మొక్క కాదు.

చోటు ఎంపిక: కూరగాయల మడిలో మాత్రం వద్దు

రోజుకు కనీసం ఆరు గంటలు, కుదిరితే ఎనిమిది గంటలు ఎండ పడాలి. అడవిలో చెట్ల అంచున పెరిగే మొక్కే కదా అని నీడలో పెడితే కొమ్మలు సన్నగా సాగిపోతాయి, పండ్లు తగ్గుతాయి, ఆకుల మీద తడి ఆరక తెగుళ్లు వస్తాయి.

మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. పెరట్లో బాగా ఎండ తగిలే చోటు, మట్టి గుల్లగా చేసి పెట్టుకున్న చోటు ఏది? నిన్నమొన్నటిదాకా టమాటా, వంకాయ, మిరప వేసిన మడే. సరిగ్గా ఆ మడిలోనే నల్ల రాస్ప్‌బెర్రీ నాటకూడదు. ఆ పంటల వేర్లను పట్టే వర్టిసీలియం అనే ఎండు తెగులు శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రాస్ప్‌బెర్రీల్లో దానికి అందరికంటే తొందరగా లొంగేది నల్లదే. నడి వేసవిలో, కింది ఆకులతో మొదలుపెట్టి కొమ్మ వాడిపోతుంది. ఒక్కోసారి కొమ్మకు ఒకవైపే వాడుతుంది. దానికి మందు లేదు. టమాటా, వంకాయ, మిరప, బంగాళాదుంప, బెండ, స్ట్రాబెర్రీ వేసిన చోటును కనీసం నాలుగేళ్లు వదిలేయండి. అంతకంటే పచ్చిక ఉన్న కొత్త చోటును ఎంచుకోవడం తేలిక.

రెండో జాగ్రత్త వైరస్‌ల గురించి. ఎర్ర రాస్ప్‌బెర్రీ మొక్కలో వైరస్ ఉన్నా అది పెద్దగా బయటపడదు. పేనుబంక దాన్ని మోసుకొచ్చి నల్ల రాస్ప్‌బెర్రీకి అంటిస్తే మాత్రం ఆకులు ముడుచుకుపోయి, పసుపు ఆకుపచ్చ మచ్చలు పడి, రెండు మూడేళ్లలో మొక్క పోతుంది. అందుకే ఎర్రదీ నల్లదీ పక్కపక్కన పెట్టకండి, మధ్యలో కనీసం 75 నుంచి 100 అడుగుల దూరం ఉండాలి. పెరడు అంత పెద్దది కాకపోతే రెండిట్లో ఒకటే పెంచుకోండి, అది నల్లదైతే నాకు సంతోషం. మీ స్థలంలో కంచె వెంట అడవి రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ పొదలుంటే నాటకముందే తవ్వి తీసేయండి.

నేల తయారీ

కొత్త కాలనీల్లో బిల్డర్లు పైమట్టి గీకేసి, కింది బంకమట్టి మీద పలచగా పచ్చిక పరిచి ఇస్తారు. ఆ బంకమట్టిలో నీరు నిలిస్తే వేరుకుళ్లు తప్పదు. మీ నేల ఎలాంటిదో తెలుసుకోవడానికి అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి చూడండి. రెండోసారి పోసిన నీళ్లు నాలుగైదు గంటల తర్వాత కూడా గుంటలోనే ఉన్నాయంటే ఆ నేలలో నేరుగా నాటకూడదు. మూడడుగుల వెడల్పున, 8 నుంచి 10 అంగుళాల ఎత్తున మడి కట్టి అందులో నాటండి. ఎత్తు మడి కట్టడానికి చెక్క ఫ్రేమే ఉండాలని లేదు, మంచి మట్టి, కంపోస్టు కలిపి గట్టులా పోసినా సరిపోతుంది.

నాటబోయే ముందటి ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పని మొదలుపెట్టడం మంచిది. మట్టి పరీక్షకు మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసును (స్థానిక వ్యవసాయ సలహా కేంద్రాన్ని) అడగండి, ఎక్కడికి పంపాలో, ఎంత రుసుమో చెబుతారు. పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.6 నుంచి 6.5 మధ్య ఉండాలి. తక్కువ ఉంటే సున్నం, ఎక్కువ ఉంటే గంధకం కలపమని రిపోర్టులోనే రాసిస్తారు. ఇవి మట్టిలో కలిసి పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి వసంతంలో నాటే రోజున వేస్తే ప్రయోజనం ఉండదు. పచ్చిక ఉన్న చోట అట్టపెట్టెలు విప్పి పరిచి, వాటి మీద కంపోస్టు, చెక్క పొట్టు పోసి వదిలేస్తే ఏప్రిల్ నాటికి కింద గడ్డి చచ్చి ఉంటుంది. గరిక జాతి గడ్డి, తిసిల్ లాంటి మొండి కలుపు ఉంటే ముందే వేళ్లతో సహా తీసేయాలి. ముళ్ల కొమ్మలు పెరిగాక వాటి మొదళ్లలో కలుపు తీయడం నరకం.

రకాలు, మొక్కలు కొనడం

మొదటిసారి పెంచేవాళ్లకు నా సలహా జ్యుయెల్. న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా పరిశోధన కేంద్రం 1973లో విడుదల చేసింది. గట్టి మొక్క, పెద్ద పండు, మిగతా రకాలతో పోలిస్తే తెగుళ్లు తక్కువ. అదే కేంద్రం నుంచి 1934లో వచ్చిన బ్రిస్టల్ రుచికి పేరుపడింది కానీ కొమ్మల మీద గుంటలు పడే ఆంత్రాక్నోస్ మచ్చ తెగులుకు తొందరగా లొంగుతుంది. మాక్ బ్లాక్ కాస్త ఆలస్యంగా పండుతుంది, జ్యుయెల్‌తో కలిపి వేస్తే కోత రోజులు పెరుగుతాయి. ఆరెగన్ రైతులు ఎక్కువగా వేసే మంగర్ 1890ల నాటి పాత రకం. నైవాట్ అనే కొత్త రకం మొదటి ఏడాది కొమ్మ చివరన కూడా శరదృతువులో కాస్తుంది. కుతూహలం ఉన్నవాళ్లు ఒక మొక్క వేసి చూడొచ్చు.

నలుగురున్న ఇంటికి ఆరు మొక్కలు చాలు. జ్యుయెల్ నాలుగు, మాక్ బ్లాక్ రెండు. బాగా చూసుకుంటే మూడో ఏడాది నుంచి ఒక్కో మొక్క ఒకటి రెండు క్వార్టుల (క్వార్టు అంటే సుమారు లీటరు) పండ్లు ఇస్తుంది. పరాగ సంపర్కానికి జత రకం అక్కర్లేదు, ఒక్క మొక్క ఉన్నా కాస్తుంది.

మొక్కలు పంచుకోవడం మనకు అలవాటు. కరివేపాకు పిలక, మల్లె అంటు, గోంగూర విత్తనాలు ఒకరింటి నుంచి ఒకరింటికి వెళ్తూనే ఉంటాయి. అదెంత మంచి అలవాటో నాకు తెలుసు. కానీ నల్ల రాస్ప్‌బెర్రీ మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న మొక్కలోనూ వైరస్ ఉండొచ్చు, అడవి నుంచి తవ్వి తెచ్చినవైతే మరీను. వైరస్ లేదని ధ్రువీకరించిన మొక్కలమ్మే నర్సరీ నుంచే కొనండి. జనవరిలో ఆర్డర్ చేస్తే మీ ఊళ్లో నాటే సమయానికి పంపుతారు. మంచి రకాలు మార్చికల్లా అయిపోతాయి.

నాటడం

నేల పని చేయడానికి వీలుగా ఆరగానే, అంటే జోన్ 6లో మార్చి చివర నుంచి ఏప్రిల్ లోపు నాటాలి. ఈ రోజుల్లో మొక్కలు మట్టి లేని వేర్లతో, నిద్రావస్థలో వస్తాయి. పెట్టె విప్పగానే వేర్లు చూడండి. వెంటనే నాటలేకపోతే తడి కాగితం చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. నాటే రోజున వేర్లను ఒకటి రెండు గంటలు నీళ్లలో నాననివ్వండి, అంతకంటే ఎక్కువ వద్దు. గుంట దగ్గరికి కూడా బకెట్‌తోనే తీసుకెళ్లండి. ఎండకు, గాలికి పది నిమిషాలు వదిలినా సన్నటి వేర్లు ఎండిపోతాయి.

మొక్కకూ మొక్కకూ మూడడుగులు. రెండు వరసలు వేస్తే వాటి మధ్య ఎనిమిది అడుగులు వదలండి. ఇప్పుడు చేతిలో ఉన్న సన్న పుల్లలు చూస్తే అంత దూరం దండగ అనిపిస్తుంది, మూడో ఏడాదికి ఆ దూరం విలువ తెలుస్తుంది. వేర్లను గుంటలో నలువైపులా పరిచి, నర్సరీలో ఎంత లోతున ఉందో అంతే లోతున, లేదా ఒక అంగుళం కిందికి పెట్టి మట్టి కప్పండి. మొదలును మరీ లోతుగా పూడిస్తే చిగురు పైకి రాదు. మట్టిని అరచేతితో నొక్కి, గ్యాలన్ నీళ్లు పోయండి.

వేర్లతోపాటు పైన ఒక ఎండు పుల్ల ఉంటుంది. అది పాత కొమ్మ ముక్క. దాన్ని నాటిన తర్వాత నేల మట్టానికి కత్తిరించి పారేయాలి. అదే మొక్క అనుకుని చాలామంది ఉంచేస్తారు, మచ్చ తెగులు కొత్త చిగుళ్లకు పాకేది దాని మీద నుంచే. కొత్త కొమ్మలు మొదలు నుంచి లేస్తాయి, మూడు నాలుగు వారాలు ఓపిక పట్టండి. కుండీలో ఆకులతో వచ్చిన చిన్న టిష్యూ కల్చర్ (ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచిన) మొక్కలకు ఈ కత్తిరింపు వర్తించదు. వాటిని మంచు భయం పోయాక, మే నెలలో నాటండి.

నాటేటప్పుడు గుంటలో ఎరువు వేయకండి, లేత వేర్లు మాడతాయి. చిగురు బాగా అందుకున్నాక, సుమారు నెల తర్వాత, మొక్కకు 2 ఔన్సుల 10-10-10 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ పదేసి శాతం ఉన్నది) మొదలుకు తగలకుండా అడుగు దూరంలో చుట్టూ చల్లి నీళ్లు పెట్టండి.

తలలు తుంచడం

మన ఊళ్లలో పత్తికి, పొగాకుకు తలలు తుంచడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. నల్ల రాస్ప్‌బెర్రీ ఎక్కువగా కాసేది నిలువు కొమ్మ మీద కాదు, దాని నుంచి వచ్చే పక్కకొమ్మల మీద. తల ఉన్నంతకాలం బలమంతా అటే పోయి, కొమ్మ ఏడెనిమిది అడుగులు సాగి, విల్లులా వంగి, కొస నేలకు తగిలి అక్కడ వేరు పోసుకుంటుంది. మీకు పండ్లు రావు, ముళ్ల పొద వస్తుంది.

కొత్త కొమ్మ 28 నుంచి 30 అంగుళాల ఎత్తుకు రాగానే పైనున్న మూడు నాలుగు అంగుళాల లేత కొసను తుంచేయండి. వేళ్లతో వంచితే పుటుక్కున విరిగేంత లేతగా ఉన్నప్పుడే చేయాలి. రెండు వారాల్లో కింది ఆకుల మొదళ్ల నుంచి పక్కకొమ్మలు బయల్దేరతాయి. ఆ పక్కకొమ్మలను ఈ ఏడాది తుంచకూడదు.

కొమ్మలన్నీ ఒకేసారి పెరగవు. మే చివర నుంచి జులై దాకా వారానికోసారి చేతిలో టేపు పట్టుకుని ఒక చుట్టు తిరగండి, 28 అంగుళాలు దాటినవాటికే తల తీయండి. ఎండ ఉన్న పొడి రోజు చూసుకోండి. తడిలో చేస్తే కోసిన గాయం నుంచి తెగులు దిగి కొమ్మ ఎండుతుంది. సెలవులకు ఇండియా వెళ్లొచ్చేసరికి కొమ్మ అయిదడుగులు పెరిగిపోయిందనుకోండి, దాన్ని 30 అంగుళాలకు నరకడం పరిష్కారమే కానీ సగం పరిష్కారమే. కింది భాగం అప్పటికే ముదిరి ఉంటుంది, పక్కకొమ్మలు తక్కువగా, బలహీనంగా వస్తాయి, ముదురు గాయం మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది. జూన్‌లో ప్రయాణం ఉంటే పక్కింటివాళ్లకు ఈ ఒక్క పని అప్పగించి వెళ్లండి.

కాపు అయ్యాక ఒక కత్తిరింపు, మార్చిలో ఒకటి

జులై మధ్యలో పండ్లు అయిపోగానే కాసిన కొమ్మలన్నీ నేల మట్టానికి తీసేయాలి. గుర్తుపట్టడం తేలికే: కాసిన కొమ్మ గోధుమ రంగులో, బెరడు పొట్టు రేగుతూ, పండు ఊడిన తెల్లటి దుంగలతో ఉంటుంది. కొత్త కొమ్మ మీద ఆ నీలి పొడి పూత ఉంటుంది. కోసినవాటిని మడిలో వదలకుండా చెత్త బండికి వేయండి, ఇంటి కంపోస్టులో వద్దు.

రెండోది చలి తగ్గుతూ, మొగ్గలు ఇంకా ఉబ్బని సమయంలో, అంటే మార్చిలో. మొదట చలికి చచ్చినవి, విరిగినవి, సన్నటివి తీసేయండి. పెన్సిల్ కంటే సన్నగా ఉన్న కొమ్మ ఉంచినా కాసేది ఏమీ ఉండదు. మొదలుకు లావుపాటి కొమ్మలు నాలుగు నుంచి ఆరు మిగిలితే చాలు. ఇక ఒక్కో కొమ్మకున్న పక్కకొమ్మలను చూడండి. శరదృతువుకల్లా అవి మూడు నాలుగు అడుగులు సాగి ఉంటాయి. బలమైన కొమ్మ మీద 12 అంగుళాలు, బలహీనమైన దాని మీద 8 అంగుళాలు ఉంచి మిగతాది కత్తిరించేయండి. మొదటిసారి చేసేవాళ్లకు చేయి రాదు, ఇంత పెంచింది ఇలా పారేయడమా అని మనసు లాగుతుంది. కత్తిరించకపోతే పండ్ల లెక్క పెరుగుతుందేమో కానీ ఒక్కో పండు శనగగింజంత ఉంటుంది, బరువుకు కొమ్మలు నేలకు వాలిపోతాయి.

తలలు తుంచిన మొక్క చాలావరకు తనే నిలబడుతుంది. అయినా జూన్ గాలివానలకు పండ్ల బరువు తోడైతే విరుగుతుంది కాబట్టి ఆధారం ఇవ్వండి. ఆరు మొక్కల వరసకు రెండు చివర్ల గట్టి గుంజలు పాతి, 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో కొమ్మలకు అటొకటి ఇటొకటి తీగ లాగితే సరిపోతుంది.

నీళ్లు, ఎరువు, మల్చింగ్

వారానికి ఒక అంగుళం నీరు కావాలి, పండు ఊరే రోజుల్లో ఒకటిన్నర. 18 అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడికి ఒక అంగుళం అంటే సుమారు 34 గ్యాలన్లు. వాన కురిసినంత తగ్గించుకోండి. డ్రిప్ గొట్టం వేస్తే మేలు. స్ప్రింక్లర్‌తో ఆకులు, పండ్లు తడిపితే బూజుకు పిలుపు. రెండో ఏడాది నుంచి ఎరువు ఏప్రిల్‌లో మొక్కకు 4 ఔన్సుల దాకా ఒకసారి వేస్తే చాలు. జులై దాటాక నత్రజని ఇవ్వకండి, లేత చిగుళ్లు పుట్టి మొదటి మంచుకే మాడతాయి. మల్చింగ్ అంటే నేలను కప్పడం: చెక్క పొట్టు గానీ గడ్డి గానీ మూడు అంగుళాల మందాన పరవండి, మొదలు చుట్టూ కాస్త ఖాళీ వదలండి.

చలికాలంలో కుందేళ్లు కొమ్మల బెరడు కొరుకుతాయి, రెండడుగుల కోళ్ల జాలీ చుట్టూ కడితే రావు. జింకలు తిరిగే చోట ఎత్తు కంచె తప్ప దారి లేదు.

తెగుళ్లు, పురుగులు

అన్నిటికంటే భయపడాల్సింది నారింజ తుప్పు తెగులు. ఏప్రిల్, మే నెలల్లో కొన్ని చిగుళ్లు సన్నగా, పాలిపోయి, గుంపుగా వస్తాయి. కొద్ది రోజులకు ఆకుల అడుగున మెరిసే నారింజ పొడి కనిపిస్తుంది, వేలికి అంటుకుంటుంది. ఇది మొక్కంతా, వేర్లదాకా పాకి ఉంటుంది కాబట్టి ఆకులు తుంచి లాభం లేదు. మందు కొట్టీ లాభం లేదు. పొడి రేగకముందే ప్లాస్టిక్ సంచి కప్పి, మొక్కను వేళ్లతో తవ్వి పారేయండి. జాలిపడి ఉంచితే మిగతా అయిదూ పోతాయి.

కొమ్మల మీద ఊదా అంచు, బూడిద రంగు మధ్యభాగంతో గుంటలు పడితే అది ఆంత్రాక్నోస్ మచ్చ తెగులు. గాలి ఆడేలా పలచన చేయడమే మొదటి మందు. ఎక్కువగా ఉంటే వసంతంలో మొగ్గ పచ్చగా పావు నుంచి అర అంగుళం బయటికి వచ్చినప్పుడు లైమ్ సల్ఫర్ ఒకసారి, లేబుల్‌లో చెప్పిన మోతాదులో కొట్టండి. ఆకులు విచ్చుకున్నాక కొడితే ఆకులే మాడతాయి.

కొత్త కొమ్మ కొస ఉన్నట్టుండి వాలిపోయిందా? వాలిన చోటుకు కొంచెం కింద చూడండి, చుట్టూ గీసినట్టు రెండు ఉంగరాలు, వాటి మధ్య అరంగుళం ఎడం కనిపిస్తే కాండం తొలుచు పురుగు ఆ మధ్యలో గుడ్డు పెట్టింది. ఆ గీతలకు రెండు మూడు అంగుళాల కింద కోసి పారేస్తే అయిపోతుంది.

జపనీస్ పెంకు పురుగులు జూన్ చివర్లో దిగుతాయి. పొద్దున్నే చల్లదనానికి మందకొడిగా ఉన్నప్పుడు సబ్బు నీళ్ల డబ్బాలోకి రాల్చేయండి. వాటి కోసం అమ్మే ఎర సంచులు పెరట్లో కట్టకండి, చుట్టుపక్కలవన్నీ మీ ఇంటికే వస్తాయి. స్పాటెడ్ వింగ్ డ్రోసోఫిలా అనే చిన్న ఈగ 2008లో కాలిఫోర్నియాలో కనిపించి తర్వాత దేశమంతా పాకింది. పండబోయే కాయలోనే గుడ్డు పెడుతుంది. నల్ల రాస్ప్‌బెర్రీ వేసవి మొదట్లోనే పండేస్తుంది కాబట్టి దీని దెబ్బ కొంత తప్పించుకుంటుంది. అనుమానముంటే కొన్ని పండ్లను ఉప్పు నీళ్లలో అరగంట ఉంచండి, పురుగుంటే తెల్లగా బయటికి వస్తుంది. రోజు విడిచి రోజు కోయడం, రాలినవి ఏరేయడం, కోసినవి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడం: వీటికి మించిన రక్షణ ఇంటి తోటకు లేదు. పూత మీద ఏ పురుగుమందూ కొట్టకండి, తేనెటీగలు పనిచేస్తుంటాయి.

కోత

ఈ ఏప్రిల్‌లో నాటితే వచ్చే ఏడాది కొంచెం, ఆపై ఏడాది నిండుగా కాపు వస్తుంది. ఒహాయో ప్రాంతంలో జూన్ మూడో వారం నుంచి జులై మధ్య దాకా కోత. కాయ ఆకుపచ్చ నుంచి ఎరుపు, ఎరుపు నుంచి నలుపు అవుతుంది. ఎర్రగా ఉన్నప్పుడు పండింది అనుకుని కోస్తే రాదు, వచ్చినా పుల్లగా, గట్టిగా ఉంటుంది. నల్లబడినా ఒక రోజు ఆగండి. మెరుపు తగ్గి పొడి పూత తేలాక, వేళ్లతో తాకితే చాలు బోలుగా ఊడి చేతిలోకి వస్తుంది. లాగాల్సి వచ్చిందంటే ఇంకా సమయం కాలేదని.

పొద్దున మంచు ఆరగానే కోయండి. లోతులేని గిన్నెలో రెండు మూడు వరసలకు మించి పోయకండి, కిందివి నలుగుతాయి. తినబోయే ముందే కడగాలి. పిట్టలు మనకంటే ముందు చూస్తాయి కాబట్టి కాయ ఎర్రబడగానే వల కప్పి, అంచులు నేలకు బిగించండి. రసం మరక చీరకో చొక్కాకో అంటితే పోదు, పాత బట్టలు వేసుకోండి.

మిగిలినవాటిని పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సంచిలో పోస్తే ఏడాదంతా లస్సీకి, ఐస్‌క్రీమ్‌కి వాడుకోవచ్చు. గింజలు ఎక్కువ కాబట్టి జామ్‌కు ముందు కాస్త వేడిచేసి జల్లెడలో వడకట్టండి. గుజ్జు బరువులో ముప్పావు వంతు పంచదార, ఒక నిమ్మకాయ రసం చాలు.

మొక్కల సంఖ్య పెంచుకోవడం

మీ మొక్కలు రెండేళ్లపాటు ఏ తెగులూ లేకుండా ఉంటేనే ఈ పని చేయండి. కొసతోనే నేల అంటు కట్టాలి. ఆగస్టు చివర్లో ఒక కొత్త కొమ్మ కొస సన్నబడి, ఆకులు చిన్నవై, ఎలుక తోకలా కనిపిస్తుంది. అప్పుడు దాన్ని వంచి, మూడు నాలుగు అంగుళాల లోతు గుంటలో కొసను నిలువుగా పెట్టి మట్టి కప్పి, పైన రాయి పెట్టండి. మంచు పడేలోపు వేళ్లు పోస్తుంది. చలికాలమంతా తల్లి కొమ్మతోనే ఉండనిచ్చి, మార్చిలో ఆరేడు అంగుళాల పుల్ల ఉంచి కత్తిరించి, మట్టి గడ్డతో తవ్వి కొత్త చోట నాటండి. నాటాక ఆ పుల్లను కూడా నేల మట్టానికి తీసేయాలి.

నల్ల రాస్ప్‌బెర్రీ మడి మామూలుగా అయిదు నుంచి పదేళ్లు మంచి కాపు ఇస్తుంది. పండు చిన్నబడుతూ, కొమ్మల లెక్క తగ్గుతూ వస్తుంటే వైరస్ చేరిందని అర్థం. అలాంటి మడి నుంచి అంటు కట్టకూడదు. మొక్కలన్నీ తీసేసి, నర్సరీ నుంచి కొత్తవి తెప్పించి, పాత చోటికి దూరంగా ఇంకో మడిలో వేయండి. ఖాళీ అయిన పాత మడిలో చిక్కుడో, మొక్కజొన్నో, తోటకూరో వేసుకోవచ్చు.